క్రోనోగ్రాఫ్ పుట్టిన కొండల్లో

తీరిక దొరికినప్పుడల్లా నేను ఇంట్లో క్రోనోగ్రాఫ్ వాచీలు కడుతుంటాను. మామూలుగా టైము చూపిస్తూనే, పక్కనున్న బటన్ నొక్కితే స్టాప్‌వాచీలా పనిచేసేదే క్రోనోగ్రాఫ్. 1940 నుంచి 1970 మధ్య పెద్ద కంపెనీలు చేసిన మోడళ్లంటే నాకు ప్రాణం. వాటిని కొనే స్తోమత లేదు కాబట్టి ఆ పోలికలో కేసు, డయల్, ముళ్లు విడివిడిగా తెప్పించుకుని, చైనాలోని తియాంజిన్‌లో తయారయ్యే కీ ఇచ్చే మిషను పెట్టి బిగిస్తాను. డయల్ మీద ఏ పెద్ద కంపెనీ పేరూ వేయను.

‘డూప్లికేట్లు చేస్తావా?’ అని అడిగేవాళ్లు ఉంటారు. ఆ మాట నాకు కష్టంగా ఉంటుంది. ఆ ఖరీదైన పాత వాచీల లోపలి మిషన్లు ఎక్కడ తయారయ్యాయో, ఎవరు ఎవరికి అమ్మారో కళ్లారా చూసి రావాలని చాలా కాలంగా కోరిక. అక్టోబరులో సెలవు పెట్టి, స్విట్జర్లాండ్‌లో జెనీవా నుంచి మూతియే దాకా రైళ్లలో తిరిగాను.

శనివారం, జెనీవా

ప్లాంపలే మైదానంలో బుధ, శనివారాల్లో పాత సామాన్ల సంత జరుగుతుంది. పొద్దున్నే వెళ్లాం. జ్యూరిచ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా బావమరిది ముందు రోజు రాత్రే వచ్చి నన్ను కలిశాడు. ఫ్రెంచి కాస్త వచ్చు వాడికి. ఈ రెండు రోజులూ వాడే నా నోరు.

పుస్తకాలు, పింగాణీ, పాత కెమెరాల మధ్య ఒక బల్ల మీద అట్టపెట్టెల నిండా వాచీలు. ఇలాంటి చోట నేను డయల్ వంక చూడను, వెనక మూత తీయమంటాను. తీయనన్నవాడి దగ్గర కొనను. ఇక్కడి పెద్దాయన అడక్కుండానే కత్తి మొనతో మూత లేపి చూపించాడు. ఒక వాచీ డయల్ మీద రంగు మరీ కొత్తగా, అక్షరాలు లావుగా ఉన్నాయి. ఎక్కడిదని అడిగితే, ‘ఇండియా నుంచి వచ్చింది’ అన్నాడు మామూలుగా.

పాత వాచీలు సేకరించేవాళ్లు వీటిని ‘ముంబయి స్పెషల్’ అంటారు. పాత స్విస్ మిషను, ఇంకెక్కడిదో కేసు, కొత్తగా రంగులేసిన డయల్. విదేశీయులు ఈ మాటను తిట్టులా వాడతారు. నేను అలా వాడలేను. మన దగ్గర వాచీ అంటే రోజూ కట్టుకునే వస్తువు. చెమటకి, వానకి డయల్ పాడైతే మళ్లీ రంగు వేయించి ఇంకో ఇరవై ఏళ్లు కట్టుకునేవాళ్లు. చేత్తో అంత సన్నటి అక్షరాలు దిద్దిన పనివాడి తప్పు అందులో ఏముంది? దాన్ని ‘ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంది, ఎవరూ ముట్టలేదు’ అని అమ్మినవాడిదే తప్పు. హైదరాబాదులో నాకు పని నేర్పిన ఉస్తాద్ కూడా ఇదే అనేవారు. డయల్ మార్చితే బిల్లు మీద రాసి ఇచ్చేవారు ఆయన.

ఆ బల్ల దగ్గరే ఒక లాండెరాన్ 48 మిషను కొన్నాను. డయల్ లేదు, కేసు లేదు. 1930ల చివర్లో మొదలై దశాబ్దాల పాటు లెక్కలేనన్ని చవక క్రోనోగ్రాఫ్‌లలో నడిచిన మిషను ఇది. దీని పద్ధతి వేరు. పై బటన్ స్టార్ట్ చేయడానికే. ఆపాలన్నా, ముల్లును సున్నాకి తేవాలన్నా కింది బటనే నొక్కాలి.

మధ్యాహ్నం పటెక్ ఫిలిప్ వాచీ కంపెనీ మ్యూజియం. ఫొటోలు తీయనివ్వరు, అదీ ఒకందుకు మంచిదే. నేను వెతుక్కుంటూ వెళ్లింది 1518 మోడల్ కోసం. 1941లో వచ్చింది. నెలకి ముప్ఫై రోజులో ముప్ఫై ఒకటో, లీపు సంవత్సరమో తనే చూసుకునే క్యాలెండర్, దానికి తోడు క్రోనోగ్రాఫ్. ఈ రెండూ కలిపి వరసగా తయారు చేసిన మొదటి చేతివాచీ. మొత్తం చేసింది 281. స్టీలు కేసులో వచ్చినవి నాలుగే బయటపడ్డాయి. వాటిలో ఒకటి 2016లో ఇదే జెనీవాలో వేలంలో కోటీ పది లక్షల స్విస్ ఫ్రాంకులు పలికింది.

అద్దం ముందు నిలబడి మా వాడికి చెప్పాను, దీని మిషనుకు పునాది పటెక్‌ది కాదని, వాల్‌జూ అనే కంపెనీదని.

‘అంటే, బావా, ఒకే మిల్లు బియ్యం వేరే వేరే సంచుల్లో అమ్మడమా?’ అన్నాడు.

అంత తేలిక కాదురా అన్నాను. వాల్‌జూ నుంచి వచ్చేది ముడి మిషను. పటెక్ పనివాళ్లు ప్రతి ముక్కనూ విప్పి, అంచులు ఏటవాలుగా అరగదీసి, పళ్లను పాలిష్ చేసి, మళ్లీ కట్టేవాళ్లు. క్యాలెండర్ భాగం పూర్తిగా వేరే పని. ఆ చేతిపనికే ఆ ధర. కానీ లోపలి ఎముకల గూడు ఒకటే అన్న మాట నిజం. అదే మాట 1963లో వచ్చిన రోలెక్స్ డేటోనాకీ, హోయర్ కరేరాకీ వర్తిస్తుంది. రెండింట్లోనూ వాల్‌జూ 72 రకమే. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ కట్టుకున్న డేటోనా 2017లో న్యూయార్క్‌లో కోటీ డెబ్బై ఏడు లక్షల డాలర్లకు పోయింది. అందులో ఉన్నదీ ఆ వంశపు మిషనే.

ఆదివారం, వాలే ద జూ

లోజాన్ మీదుగా రైలు కొండల్లోకి ఎక్కింది. వాలే ద జూ అంటే జూ లోయ. వెయ్యి మీటర్ల ఎత్తు, తొమ్మిది కిలోమీటర్ల పొడవున్న చెరువు. బాగా చలి పడిన ఏళ్లలో ఆ చెరువు గడ్డకడుతుంది. ఒకప్పుడు మంచు పడితే ఈ ఊళ్లకు బయటి ప్రపంచంతో దాదాపు సంబంధం ఉండేది కాదు. రైతులు కిటికీ పక్కన బల్ల వేసుకుని పళ్లచక్రాలు కోసేవాళ్లు, ఎండాకాలం మళ్లీ ఆవుల దగ్గరికి. ఒక కుటుంబం స్ప్రింగులు చేస్తే ఇంకోటి మరలు చేసేది.

వాల్‌జూని 1901లో ఈ చెరువు ఒడ్డునే, లే బ్యూ అనే పల్లెలో రేమండ్ అన్నదమ్ములు మొదలుపెట్టారు. లోయ పేరునే కుదించి తర్వాత కంపెనీ పేరుగా పెట్టుకున్నారు. లే బ్యూలో దిగి రోడ్డు వెంట నడిచాం. పచ్చిక, ఆవుల మెడల్లో గంటలు, ఇళ్ల పైఅంతస్తుల్లో పక్కపక్కనే వరసగా కిటికీలు. కిటికీలు అలా దగ్గరదగ్గరగా ఉంటే అక్కడ ఒకప్పుడు వాచీల పని జరిగిందని అర్థం. డేటోనా, కరేరా, పటెక్ 1518, వీటన్నిటికీ మూలం నాలుగు వీధులైనా లేని ఈ పల్లె. ప్రపంచమంతా వేలంపాటల్లో పేర్లు చదువుతుంది, ఈ పల్లె పేరు మాత్రం ఎవరి నోటా రాదు. నాకు అది అన్యాయం అనిపిస్తుంది.

చెరువుకి ఈ కొసన లోరియాన్. మిషన్లు చేసే లెమానియా కంపెనీ ఫ్యాక్టరీ ఉన్న ఊరు, ఇప్పుడు ఆ భవనాల్లో బ్రెగే వాచీ కంపెనీ ఉంది. 1942లో ఆల్బెర్ పిగే ఇక్కడ గీసిన మిషనే లెమానియా 2310. ఒమెగా దానికి 321 అని పేరు పెట్టుకుంది. తర్వాత పటెక్, వషెరాన్, బ్రెగే కూడా అదే మిషనును తమ పద్ధతిలో చెక్కుకున్నాయి.

ల సాంతియేలో మేం దిగిన ఇంటావిడ వయసు ఎనభై దాటి ఉంటుంది. భోజనాల దగ్గర నా చేతి వాచీ చూసి ఎక్కడిదని అడిగారు. నేనే కట్టానని మా వాడు చెప్పగానే ఆవిడ లేచి వెళ్లి, కంటికి పెట్టుకునే భూతద్దం, మూత తిప్పే రెంచి పట్టుకొచ్చారు. పెళ్లికి ముందు ఆవిడది హెయిర్ స్ప్రింగులు సరిచేసే పని. ఈ లోయలో ఆ పని ఎక్కువగా ఆడవాళ్లే చేసేవారు. వెంట్రుకంత సన్నటి ఆ స్ప్రింగు మధ్యలోకి కూర్చుని ఉందా, చుట్టలు ఒకదానికొకటి తగులుతున్నాయా అన్నదాని మీదే వాచీ రోజుకి ఎన్ని సెకన్లు తప్పుతుందో ఆధారపడి ఉంటుంది.

మూత తీసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘ఇది వీనస్ కదా’ అన్నారు.

ఒళ్లు జలదరించింది. పేరు లేని డయల్ కింద, చైనాలో తయారైన మిషనును ఆవిడ దాని తాత ఆకారాన్ని బట్టి గుర్తుపట్టారు. అవును, తియాంజిన్ ఫ్యాక్టరీ వాళ్లు వీనస్ అనే స్విస్ కంపెనీ 175 మిషను పనిముట్లు కొనుక్కుని మొదలుపెట్టారు అని మా వాడి ద్వారా చెప్పాను. ఆవిడ హెయిర్ స్ప్రింగును చూసి, బయటి చుట్ట ఒకచోట కాస్త వెడల్పుగా ఉందన్నారు. ఆవిడ చేతివేళ్లు వణుకుతున్నాయి కాబట్టి ముట్టుకోలేదు. ఎక్కడ, ఎంత వంచాలో కాగితం మీద గీసి చూపించారు. ఆ రాత్రి గదిలో దీపం కింద నేనే చేశాను. పట్టకారుతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, చిటికెడు కూడా కాదు, అందులో వందో వంతు. వాచీ తడబాటు తగ్గింది. ఆవిడ కాగితాన్ని మడిచి పర్సులో పెట్టుకున్నాను.

ఆవిడ ఇంకో మాట అడిగారు. డయల్ మీద పేరు ఎందుకు వేయలేదని. ఎవరి పేరు వేయాలో తెలియక అన్నాను. ‘మా నాన్న ఇరవై కంపెనీలకు చక్రాలు కోశాడు. ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు’ అన్నారావిడ. ఆ మాటలో ఫిర్యాదు లేదు, గర్వమూ లేదు.

సోమవారం, రైళ్లలో

మా వాడు లోజాన్‌లో జ్యూరిచ్ రైలెక్కాడు. నేను న్యూషాతెల్ మీదుగా లా షో ద ఫోన్ చేరేసరికి వాన. ఇక్కడి మ్యూజియానికి సోమవారం సెలవు. ఊరు మాత్రం చూశాను. 1794లో మంటల్లో కాలిపోయాక నిలువు, అడ్డ గీతల్లా వీధులు వేసి మళ్లీ కట్టిన ఊరిది. ప్రతి వరస ఇళ్లకూ ముందు తోట, వెలుతురు తగిలే కిటికీలు, పై అంతస్తులో పనిగదులు. కార్ల్ మార్క్స్ దీన్ని మొత్తంగా ఒకే వాచీ ఫ్యాక్టరీ లాంటి ఊరని రాశాడు. 2009లో దీన్నీ పక్కనున్న ల లోక్ల్‌నీ కలిపి యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. తడిసిపోయి గదికి చేరి, తెచ్చుకున్న పులిహోర పొడి అన్నంలో కలుపుకుని తిని పడుకున్నాను.

మంగళవారం, లా షో ద ఫోన్

అంతర్జాతీయ గడియారాల మ్యూజియం నేల కింద ఉంటుంది. 1902లో మొదలైన మ్యూజియానికి 1974లో ఈ భవనం కట్టారు. కాంక్రీటు గుహలాంటి హాలులో వేల గడియారాలు. పొద్దున తలుపులు తీసినప్పటి నుంచి మూసేదాకా అక్కడే ఉన్నాను.

క్రోనోగ్రాఫ్ చరిత్ర గుర్రాలతో మొదలవుతుంది. 1821లో పారిస్‌లో గుర్రప్పందేల కోసం నికొలా రియుసెక్ ఒక పెట్టె తయారు చేశాడు. అందులో డయలే తిరుగుతుంది. బటన్ నొక్కితే ముల్లు దాని మీద సిరా చుక్క పెడుతుంది. చుక్కల మధ్య దూరమే కాలం. చాలా కాలం మొదటి క్రోనోగ్రాఫ్ ఇదేననుకున్నారు. కానీ లూయీ మొయినే 1816లోనే సెకనులో అరవయ్యో వంతు కొలిచే యంత్రం పూర్తి చేశాడని ఈ మధ్యే, 2013లో లోకానికి తెలిసింది. గంటకు 2,16,000 బీట్లు, అంటే లోపలి చక్రం అన్ని ఊపులు ఊగుతుంది. నా చేతి వాచీ 21,600 కొడుతుంది, అంటే మొయినేది దానికి సరిగ్గా పది రెట్లు.

నేను ఎక్కువసేపు నిలబడింది మాత్రం వేరే దాని ముందు. క్రోనోగ్రాఫ్ ముల్లు ఎక్కడున్నా సరే, ఒక్క నొక్కుతో సున్నాకి రావాలి. వెనక్కి తిరగాల్సిన దూరం ప్రతిసారీ వేరు. దీన్ని సాధించినవాడు ఆదోల్ఫ్ నికోల్. నేను నిన్న దాటొచ్చిన జూ లోయలో పుట్టి లండన్‌లో స్థిరపడ్డ మనిషి. 1844లో పేటెంటు తీసుకున్నాడు. ముల్లు ఇరుసుకి ఒక చిన్న ఉక్కు బిళ్ల బిగిస్తాడు, హృదయం ఆకారంలో. ఒక చిన్న సుత్తి దాని అంచు మీద పడుతుంది. ఏ మూలన తగిలినా సరే, ఆ వంపు జారి జారి తనలో అన్నిటికంటే లోతుగా ఉన్న చోటికే వచ్చి ఆగుతుంది. లెక్క లేదు, కొలత లేదు, ఆకారమే పని చేసేస్తుంది. పటెక్‌లోనూ అదే, లాండెరాన్‌లోనూ అదే, తియాంజిన్ మిషనులోనూ అదే. నూట ఎనభై ఏళ్లయింది, ఇంతకంటే మంచి ఉపాయం ఎవరికీ తోచలేదు.

వాచీ కట్టేవాడికి ఈ హృదయం బిళ్లతో నేరుగా పని పడుతుంది. సెకన్ల ముల్లును బిగించేది సుత్తి దాని మీద కూర్చుని ఉండగానే. ముల్లును సరిగ్గా పన్నెండు మీద ఆనించి లోపలికి నొక్కుతాం. ముల్లు గొట్టం ఇరుసు కంటే రవ్వంత వదులైతే, ప్రతి రీసెట్‌కీ సుత్తి దెబ్బకు ముల్లు పక్కకు జరుగుతుంది. నాలుగు రోజుల్లో అది పన్నెండు దాటి ఎక్కడో ఆగుతుంది. అందుకే ముళ్లు కొనేటప్పుడు రంగు కంటే ముందు రంధ్రం కొలత చూసుకోవాలి. తియాంజిన్ మిషనుకి సరిపోయే ముళ్లు వాల్‌జూకి పట్టవు.

కొలతల తేడా డయల్‌లోనూ బయటపడుతుంది. వాల్‌జూ 72 అడ్డంగా 29.5 మిల్లీమీటర్లు. వీనస్ వంశం దానికంటే కాస్త పెద్దది. దాంతో చిన్న డయల్స్ మధ్య దూరం మారిపోతుంది. పాత డేటోనా పోలికలో కట్టిన వాచీని తెలిసినవాళ్లు దూరం నుంచే పట్టేసేది అందుకే. నేను ఆ తేడాను దాచడానికి చూడను. ఏ మిషనుకు తగ్గట్టు ఆ డయల్ గీయించుకోవడమే అందం.

అద్దం వెనక గదిలో మ్యూజియం పనివాళ్లు పాత గడియారాలకు మరమ్మతు చేస్తూ కనిపిస్తారు. ఒకాయన ఒక్క మర విప్పడానికి ముందు దాని కాడను, చుట్టూ ఉన్న ఇత్తడిని భూతద్దంలో ఎంతసేపు చూశాడో! మా ఉస్తాద్ కూడా అంతే చూసేవారు, సుల్తాన్ బజార్‌లో, ఫ్యాను ఆపేసి.

బుధవారం, ల లోక్ల్

రైల్లో పది నిమిషాల లోపే ల లోక్ల్. రోడ్డు పక్కనే జెనిత్ ఫ్యాక్టరీ, 1865 నాటిది. బయటి నుంచే చూశాను. నేను వెళ్లింది భవనం అటక కోసం. పైకి చూస్తూ రోడ్డు మీద నిలబడితే దారిన పోయేవాళ్లు కూడా పైకి చూశారు.

1969 జనవరి 10న జెనిత్ ‘ఎల్ ప్రిమెరో’ని ప్రకటించింది. కీ ఇవ్వక్కర్లేని, చెయ్యి ఊపితే తనే చుట్టుకునే క్రోనోగ్రాఫ్. గంటకు 36,000 బీట్లు, కాబట్టి సెకనులో పదో వంతు కొలుస్తుంది. అదే ఏడాది బ్రైట్‌లింగ్, హోయర్, హామిల్టన్ కలిసి ఇంకోటి తెచ్చాయి. జపాన్‌లో సీకో మూడోది తెచ్చింది. మా నాన్నగారి చేతికి ఉండే హైదరాబాద్ ఆల్విన్ వాచీ అదే సీకో సాంకేతిక సహకారంతో తయారైంది. అది క్రోనోగ్రాఫ్ కాకపోయినా ఈ పోటీ కథలో మా ఇంటికీ ఓ మూల చోటుందని నాకు సంతోషం.

ఆ సంవత్సరం చివర్లోనే క్వార్ట్జ్ వచ్చింది. బ్యాటరీ వాచీల దెబ్బకు ఈ లోయలన్నీ ఖాళీ అవుతున్న రోజులు. 1975లో జెనిత్ యజమానులు, అప్పటికి అమెరికా కంపెనీ, మెకానికల్ మిషన్లు ఆపేసి పనిముట్లను తుక్కు కింద అమ్మేయమన్నారు. షార్ల్ వెర్మో అనే పనివాడు ఉత్తరం రాసి బతిమాలాడు. వాళ్లు వినలేదు. అప్పుడాయన అచ్చులు, యంత్రాలను నడిపే క్యామ్‌లనే వంపు బిళ్లలు, కోత పనిముట్లు కొంచెం కొంచెంగా అటక మీదికి చేరవేసి, ఏది ఎక్కడ ఉందో, దేనికి వాడాలో నోటు పుస్తకాల్లో రాసిపెట్టి, ఆ చోటు మూసేశాడు. 1980లలో మళ్లీ మెకానికల్ వాచీలకు గిరాకీ వచ్చినప్పుడు కంపెనీకి ఆ అటకే దిక్కయింది. కొత్తగా చేయించాలంటే అయ్యే ఖర్చు వాళ్లు పెట్టలేరు. 1988లో రోలెక్స్ తన ఆటోమేటిక్ డేటోనాలో పెట్టింది ఎల్ ప్రిమెరోనే, బీట్లు 28,800కి తగ్గించి, చాలా భాగాలు మార్చి.

వాచీలంటే ఇష్టమున్నవాళ్లు వెర్మోని గొప్ప తిరుగుబాటుదారుగా చెబుతారు. నాకు మాత్రం ఆ నోటు పుస్తకాలే ముఖ్యమనిపిస్తుంది. పనిముట్లు ఎవరైనా దాస్తారు. తను లేకపోయినా ఇంకొకరు నడపగలిగేలా రాసిపెట్టడం, అది వేరే మనిషి చేసే పని. హైదరాబాదులో, విజయవాడలో మన ముసలి మెకానిక్కులకు తెలిసిన విద్యలో సగం ఎవరూ రాసుకోకుండానే పోయింది.

సాయంత్రం కొండ మీది షాతో దే మోన్ మ్యూజియంకి ఎక్కాను. బొమ్మల గడియారాలు బాగున్నాయి. కాళ్లు నొప్పులు, ఎక్కువసేపు ఉండలేదు.

గురువారం, సాంతిమియే, బియెన్

సాంతిమియేలో లాంజీన్ మ్యూజియానికి ముందుగా చెప్పి వెళ్లాలి. 1936 నాటి 13 జెడ్‌ఎన్ మిషను చూశాను. ఇది వాళ్లు సొంతంగా చేసుకున్నది. ముల్లు తిరుగుతుండగానే ఒక్క నొక్కుతో సున్నాకి వచ్చి మళ్లీ పరుగెడుతుంది. ఇంత అందమైన అమరిక నేను ఇంకో మిషనులో చూడలేదు. వాల్‌జూ 72 కూడా దీని ముందు నిలవదని నా అభిప్రాయం.

హోయర్ మొదలైంది కూడా ఈ ఊళ్లోనే, 1860లో. 1887లో వాళ్లు పేటెంటు తీసుకున్న ఊగే పినియన్, రెండు కొసలా పళ్లున్న సన్నటి ఇరుసు, ఈనాటికీ వాల్‌జూ 7750లో పనిచేస్తోంది. ఆ 7750ని 1970లలో ఎద్‌మోన్ కాప్ రూపొందించాడు. ఇప్పుడు బజారులో దొరికే స్విస్ ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్‌లలో చాలావాటికి అదో, దాని పిల్లలో ఆధారం.

బియెన్‌లో ఒమెగా మ్యూజియం. 1965 మార్చి 1న నాసా ఒమెగా వాళ్ల స్పీడ్‌మాస్టర్ క్రోనోగ్రాఫ్‌ని అంతరిక్షయాత్రలకు అర్హమైనదిగా ప్రకటించింది. 1969 జులైలో ఆల్డ్రిన్ చేతికి అది చంద్రుడి మీదికి వెళ్లింది. ఆర్మ్‌స్ట్రాంగ్ తనది లోపలే వదిలి దిగాడు, నౌకలోని గడియారం పనిచేయకపోవడంతో. 1970లో అపోలో 13 తిరుగు ప్రయాణంలో దారి సరిచేసుకోవడానికి ఇంజిను 14 సెకన్లు మండించాలి. ఆ 14 సెకన్లు వ్యోమగామి స్విగెర్ట్ కొలిచింది ఈ రకం వాచీతోనే. చంద్రయాత్రకి వెళ్లిన ఆ తొలి స్పీడ్‌మాస్టర్లలో ఉన్న 321 మిషను లోరియాన్‌లో, ఆవులు మేసే ఆ రోడ్డు పక్కన, తయారైనదే.

వాచీలపై నకిలీ ముద్రలు వేసేవాళ్లతో పోరాడే స్విస్ వాచీ పరిశ్రమ సమాఖ్య ఆఫీసు కూడా బియెన్‌లోనే ఉంది. 2008 జులై నుంచి ఈ దేశ చట్టం ప్రకారం సొంతానికి తెచ్చుకున్న ఒక్క నకిలీ వాచీనైనా కస్టమ్స్ వాళ్లు లాక్కోవచ్చు. ఆ చట్టం కఠినమే, సరైనదే. వాచీ కట్టడం నేర్చుకునే కుర్రాళ్లు నన్ను అడుగుతుంటారు, రోలెక్స్ కిరీటం ఉన్న డయల్ ఆన్‌లైన్‌లో దొరుకుతోంది, మన కోసమే కదా, వేసుకుంటే ఏమిటని. వద్దంటాను. మిషను పంచుకోవడం ఈ ఊళ్లలో మొదటి నుంచీ ఉన్న వ్యాపారం. అమ్మినవాడికి డబ్బు ముట్టింది, కొన్నవాడు తన పనితనం చేర్చాడు. పేరు అలా అమ్మకానికి పెట్టింది కాదు. అది అవతలివాళ్ల హామీ. నా చేతి పనికి వాళ్ల హామీ ఎలా వేస్తాను?

శుక్రవారం, మూతియే

బియెన్ నుంచి కొండ సొరంగంలోంచి కాసేపట్లో మూతియే. పర్యాటకులు రారు. నాకు మాత్రం ఇది ఈ ప్రయాణంలో అసలు మజిలీ. వీనస్ ఈ ఊరిదే. వీనస్ 175, కాలమ్ వీల్ (స్టార్ట్, స్టాప్, రీసెట్‌లను నడిపించే స్తంభాల చక్రం) ఉన్న మిషను, 1940లలో బ్రైట్‌లింగ్ క్రోనోమాట్ లాంటి వాచీల్లో నడిచింది. 1961లో చైనా ప్రభుత్వం తన వైమానిక దళానికి క్రోనోగ్రాఫ్ కావాలని తియాంజిన్ ఫ్యాక్టరీకి పని అప్పగించింది. ఆ చక్రానికి బదులు చవకగా తయారయ్యే క్యామ్ బిళ్ల రకం వైపు మళ్లుతున్న వీనస్, 175 పనిముట్లను వాళ్లకు అమ్మింది. 1966లో వీనస్ వాల్‌జూలో కలిసిపోయింది. ఇక్కడ ఆగిపోయింది అక్కడ బతికింది.

ఊళ్లో ఆటోమేటిక్ లేత్‌ల మ్యూజియం ఉంది. అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లాను. టోర్నోస్, బెక్లర్, పీటర్‌మాన్, ప్రపంచమంతా వాచీ మరలు, పినియన్లు కోసిన లేత్ కంపెనీలు ఈ ఊరివే. అక్కడి పెద్దాయన ఒక పాత లేత్ నడిపి చూపించారు. మామూలు లేత్‌లో కోసే పనిముట్టు కదులుతుంది. ఇందులో సన్నటి ఉక్కు కడ్డీని పట్టుకున్న తలే ముందుకు జరుగుతుంది. కోత ఎప్పుడూ ఆధారం పక్కనే పడుతుంది కాబట్టి వెంట్రుకంత కడ్డీ అయినా వంగదు. ఏ పనిముట్టు ఎప్పుడు దిగాలో గుండ్రటి ఉక్కు క్యామ్‌లు చెబుతాయి. నూనె వాన కింద టక్‌మని ఒక పినియన్ తెగి గిన్నెలో పడింది, వెంటనే రెండోది.

నా వాచీ విప్పి చూపించాను. ఆయన భూతద్దంతో చూసి, కాలమ్ వీల్ పక్కనున్న స్ప్రింగును వేలితో చూపించి, వీనస్‌లో ఇది ఇంకొంచెం మెత్తగా ఉంటుందన్నారు. బటన్ నొక్కి, ‘అందుకే నీది గట్టిగా ఉంది’ అన్నారు. నిజమే. మొదటి నొక్కు గట్టిగా ఉంటుందని నాకూ తెలుసు, కారణం ఇప్పుడు తెలిసింది. ఆ స్ప్రింగును ఏ వైపు నుంచి, ఎంత అరగదీస్తే నొక్కు మెత్తబడుతుందో, ఎక్కడ ఆపకపోతే విరుగుతుందో చెప్పారు. అన్నీ రాసుకున్నాను, బొమ్మలతో సహా.

జ్యూరిచ్ వెళ్లే రైల్లో తర్వాతి వాచీ డయల్ గీశాను. తెల్లటి డయల్, నీలం ముళ్లు, తొమ్మిది దగ్గర సెకన్లు, మూడు దగ్గర ముప్ఫై నిమిషాలు. 38 మిల్లీమీటర్ల కేసు. పాత డయల్స్ మీద ఆరు అంకె కింద అంచున ‘స్విస్’ అని సన్నగా రాసి ఉంటుంది. అదే చోట, అదే ఎత్తులో, తెలుగు లిపిలో ‘తియాంజిన్’ అని వేయిస్తాను. ఆ ఎత్తులో గుణింతాలు విడివిడిగా పడతాయో లేదోనని హైదరాబాదులో డయల్స్ ప్రింటు చేసే ఆయనకు ఫొటో పంపాను. ‘ఒక పాయింటు పెంచండి సార్, లేకపోతే ఇంకు నిండిపోతుంది’ అని జవాబొచ్చింది. పెంచాను.